బలం తగ్గించే వైద్యం

గుండెజబ్బు మనిషి ఉన్న ఇంట్లో సార్బిట్రేట్ గోళీ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఛాతీ పట్టేసినట్టు నొప్పి రాగానే నాలుక కింద పెట్టుకోవాలని డాక్టరు చెబుతారు. డాక్టరు చెప్పకపోతే పక్కింటివాళ్ళు చెబుతారు. గుండె రక్తనాళాలు పూడుకుపోయినవాళ్ళకి ఆ గోళీ నిజంగానే ఉపశమనం. కానీ అదే నొప్పితో, అదే ఆయాసంతో బయటపడే ఇంకో జబ్బు ఉంది. అది ఉన్న మనిషి అదే గోళీ పెట్టుకుంటే కళ్ళు బైర్లు కమ్మి నిలబడ్డచోటే కూలిపోవచ్చు.

ఆ జబ్బు పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. బీపీ ఎక్కువై గుండె కండరం మందం కావడం వేరు. ఇక్కడ అలాంటి బయటి కారణమేదీ లేకుండా, చాలామందిలో పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల, కండరం దళసరి అవుతుంది. పెద్దవాళ్ళలో సుమారు 500 మందికి ఒకరిలో ఇది కనిపిస్తుందని అమెరికాలో 1995లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ జబ్బున్నవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి, ఊరికే కూర్చున్నప్పుడో పని చేసినప్పుడో, ఆ మందమైన కండరం రక్తం బయటికి పోయే దారికి అడ్డం వస్తుంది. ఈ అధ్యాయం వాళ్ళు వాడే మందుల గురించి.

గుండెజబ్బు అనగానే గుండె బలహీనపడిందనుకుంటాం, బలానికి మందు అడుగుతాం. ఈ జబ్బులో బలహీనత సమస్య కాదు. గుండె అవసరానికి మించి గట్టిగా పిండుతుంది. అందుకే 1960ల నాటి గోళీ మొదలుకొని మొన్నమొన్న వచ్చిన గోళీ దాకా దీనికి వాడే మందులన్నిటి పనీ ఒక్కటే, గుండె జోరు తగ్గించడం. ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆగాలి అన్నదే కష్టమైన లెక్క.

అడ్డు ఎలా పుడుతుంది

గుండెలో ఎడమవైపు కింది గది ఒంటికంతటికీ రక్తం పంపుతుంది. కుడి ఎడమ గదుల మధ్య గోడ మామూలుగా సెంటీమీటరుకు అటూ ఇటూ మందం ఉంటుంది. ఈ జబ్బులో 15 మిల్లీమీటర్లు దాటుతుంది, కొందరిలో 30 కూడా చేరుతుంది. చాలామందిలో గోడ పైభాగం ఎక్కువగా ఉబ్బి, రక్తం బృహద్ధమనిలోకి పోయే దారిలోకి పొడుచుకొస్తుంది. ఆ దారికి అవతలి పక్క మైట్రల్ కవాటం రెక్క ఉంటుంది.

గుండె పిండగానే ఆ ఇరుకుదారిలో రక్తం జోరుగా దూసుకుపోతూ కవాటం రెక్కను కూడా ఈడ్చుకుపోతుంది. ఈదురుగాలికి గుమ్మం పరదా చౌకట్టుకి అతుక్కున్నట్టు, రెక్క పోయి ఉబ్బిన గోడకి ఆనుకుంటుంది. దారి మూసుకుంటుంది. రెక్క తన చోటు వదిలేయడంతో కవాటం సందులోంచి కొంత రక్తం వెనక్కి, పై గదిలోకి చిమ్ముతుంది. ముందుకు పోవలసిన రక్తం పోక తల తిరుగుతుంది. వెనక పెరిగిన ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడి ఆయాసం వస్తుంది. దళసరి కండరానికి చాలినంత రక్తం అందక ఛాతీ నొప్పి వస్తుంది. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నా నొప్పి రావడానికి కారణం ఇదే.

ఈ అడ్డు ఎప్పుడూ ఒకేలా ఉండదు. గంటగంటకీ మారుతుంది. మూడు సంగతులు దాన్ని పెంచుతాయి. గుండె మరీ గట్టిగా పిండడం ఒకటి. గదిలో రక్తం తగ్గడం రెండోది. గది చిన్నదైతే గోడా రెక్కా దగ్గరపడతాయి. మూడోది, ఒంట్లో రక్తనాళాలు వదులై ఎదురు ఒత్తిడి తగ్గడం. అప్పుడు గుండె ఇంకా సులువుగా ఖాళీ అయిపోతుంది, దారి ఇంకా ఇరుకవుతుంది.

హైదరాబాద్ శివార్లలో తూంకుంట, శామీర్‌పేట వైపు ఫంక్షన్ హాళ్ళకి కొదవ లేదు. మే నెలలో అక్కడొక పెళ్ళి అనుకుందాం. జబ్బు ఉందని తెలియని నలభై ఏళ్ళ మనిషి పొద్దుటి నుంచి ఎండలో తిరిగాడు, చెమటకి ఒంట్లో నీరు తగ్గింది. కడుపు నిండా బిర్యానీ తిన్నాడు, అరుగుదల కోసం రక్తం పొట్టవైపు మళ్ళింది. మిత్రుల బలవంతం మీద ఒక పెగ్గు కూడా వేసుకున్నాడు, రక్తనాళాలు వదులయ్యాయి. ఆ మీదట బరాత్‌లో డప్పుకి గంతులేశాడు, గుండె జోరు పెరిగింది. మూడు సంగతులూ ఒకే గంటలో కలిశాయి. మనిషి పడిపోతే అందరూ ఎండదెబ్బ అంటారు. మర్నాడు ఈసీజీ తీస్తే తేడా కనిపించవచ్చు, కానీ పడుకోబెట్టి చేసిన ఎకోలో అడ్డు దొరకకపోవచ్చు.

ఆపరేషన్ బల్ల మీద మాయమైన అడ్డు

ఈ దొంగాట వైద్యులను మొదట్లో తికమక పెట్టింది. 1957లో లండన్ సర్జన్ రసెల్ బ్రాక్ ఇలాంటి రోగుల గురించి రాశాడు. బృహద్ధమని కవాటం దగ్గర ఇరుకుందని నమ్మి గుండె తెరిస్తే ఆ కవాటం బాగానే ఉంది. ఆ మరుసటి ఏడు, 1958లో, లండన్‌లోనే డోనాల్డ్ టియర్ అనే పాథాలజిస్టు చిన్న వయసులో చనిపోయినవాళ్ళ గుండెలు పరీక్షించి, గోడ ఒక పక్కనే విపరీతంగా పెరిగిందని వివరంగా నమోదు చేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో యూజీన్ బ్రాన్‌వాల్డ్ గుండెలోకి గొట్టం పంపి ఒత్తిళ్ళు కొలిచేవాడు, ఆండ్రూ మారో శస్త్రచికిత్సలు చేసేవాడు. కొలతల్లో పెద్ద అడ్డు కనిపిస్తుంది, ఆపరేషన్ బల్ల మీద వేలు పెట్టి వెతికితే ఏమీ తగలదు. కొలత తప్పు కాదు, వెతికిన వేలూ తప్పు కాదు. గుండె జోరుగా పిండినప్పుడే అడ్డు ఉంటుంది, లేనప్పుడు పోతుంది. ఆ సంగతి అర్థమయ్యాక మారో ఉబ్బిన గోడలోంచి కొంత కండరం కోసి తీసే పద్ధతిని స్థిరపరిచాడు. ఇప్పటికీ ఆ ఆపరేషన్‌ను ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయనకీ ఇదే జబ్బు ఉండేది. 1982లో దానితోనే పోయాడు.

అడ్డు గుండె జోరును బట్టి వచ్చిపోతుందని తేలడంతో మందులకి దారి తెరుచుకుంది. ఎముకలా గట్టిపడిన కవాటాన్ని గోళీ ఏమీ చేయలేదు. జోరు వల్ల పుట్టిన అడ్డును, జోరు తగ్గించే గోళీ తగ్గించగలదు.

ముక్కించి చూడాలి

మందు మొదలుపెట్టే ముందు అడ్డు ఎంత ఉందో కొలవాలి. ఎకో గదిలో రోగిని ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోమంటారు. చల్లని జెల్ రాసి పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనిస్తారు. డాప్లర్ నొక్కగానే తెర మీద ఒక్కో గుండె దెబ్బకి ఒక్కో గీత కిందికి దిగుతుంది. ఆ గీత ఎంత లోతుకు దిగితే రక్తం అంత వేగంగా పోతోందని అర్థం. వేగాన్ని వేగంతో గుణించి, నాలుగుతో హెచ్చవేస్తే ఒత్తిడి తేడా వస్తుంది.

రోగి ప్రశాంతంగా ఉన్నప్పుడు వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుందాం. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు నాలుగులు 16. అంటే 16 మిల్లీమీటర్ల తేడా, భయపడాల్సింది లేదు. ఇప్పుడు డాక్టరు, “ఊపిరి బిగబట్టి, మలబద్ధకం ఉన్నోళ్ళు ముక్కినట్టు ముక్కండి” అంటారు. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి వచ్చే రక్తం తగ్గుతుంది, గది చిన్నదవుతుంది. గీత ఒక్కసారిగా కిందికి జారి, చివర్లో మొనదేలుతుంది. వేగం నాలుగున్నర మీటర్లు. లెక్క వేస్తే 81. అర నిమిషం తేడాతో అదే గుండె 16 నుంచి 81కి చేరింది. 30 దాటితే అడ్డు ఉన్నట్టు లెక్క. మందులు వాడుతున్నా 50, అంతకు మించి ఉండి బాధలు తగ్గకపోతే ఆపరేషన్ లాంటి మార్గాల గురించి ఆలోచిస్తారు.

ముక్కించినా తేలకపోతే లేపి నిలబెట్టి చూస్తారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూస్తారు. గొంతుక్కూర్చుని లేచినప్పుడు గుండెలో గురగుర శబ్దం పెరిగితే స్టెతస్కోపుతోనే అనుమానం పట్టే వైద్యులున్నారు. రిపోర్టులో ఒక్క అంకె చూసి సంతోషపడకుండా, అది ఏ స్థితిలో కొలిచిందో అడగడం రోగికీ మంచిది.

పాత మందులు మూడు

మొదటి వరసలో బీటా బ్లాకర్లు. స్కాట్లాండ్ వాడైన జేమ్స్ బ్లాక్, ఐసీఐ కంపెనీలో పనిచేస్తూ 1960ల మొదట్లో ప్రొప్రనలాల్ తయారుచేశాడు. 1988లో ఆయనకి నోబెల్ బహుమతి రావడానికి ఇదీ ఒక కారణం. అడ్రినలిన్ గుండెను అదిలించకుండా ఈ మందు అడ్డుపడుతుంది. 1964లోనే బ్రాన్‌వాల్డ్ బృందం ఈ జాతి మందుల ప్రభావాన్ని ఈ రోగుల్లో పరిశీలించింది. మనిషి నడిచినప్పుడు, కోపం వచ్చినప్పుడు, భయపడినప్పుడు గుండె ఎగిరిపడకుండా ఇవి చూస్తాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి పెరిగి, గది నిండుగా నిండుతుంది. గది నిండితే గోడా రెక్కా ఎడమవుతాయి.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా రాసేది మెటొప్రొలాల్, ప్రొప్రనలాల్, అటెనొలాల్. బీపీ మందులుగా అందరికీ తెలిసినవే, ధర కూడా తక్కువే. విశ్రాంతిలో నాడి నిమిషానికి 60 దరిదాపులకి వచ్చేదాకా డాక్టరు మోతాదు పెంచుకుంటూ పోతారు. నాడి తగ్గిందని రోగి కంగారుపడి మానేయడం తరచుగా జరిగే పొరపాటు. ఉన్నట్టుండి మానేస్తే అణిగి ఉన్న జోరంతా ఒక్కసారి తిరగబడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇవి పడకపోవచ్చు. కొందరికి నీరసం, చేతులు చల్లబడడం, మగవాళ్ళలో దాంపత్యంలో ఇబ్బంది వస్తాయి. ఆ చివరి మాట డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పేవాళ్ళు తక్కువ, చెప్పకుండా గోళీ మానేసేవాళ్ళు ఎక్కువ. చెబితే మందు మార్చవచ్చు.

రెండోది వెరపమిల్. కండర కణాల్లోకి కాల్షియం పోకుండా ఆపి, గుండె వేగాన్నీ పిండే బలాన్నీ తగ్గిస్తుంది. బీటా బ్లాకర్ పడనివాళ్ళకి ఇది దిక్కు. మలబద్ధకం దీని పేచీ. దీనిలో ఒక మెలిక కూడా ఉంది. గుండెను నెమ్మదింపజేస్తూనే రక్తనాళాలను కొంత వదులు చేస్తుంది. విశ్రాంతిలోనే అడ్డు చాలా ఎక్కువగా ఉండి, ఆయాసం ముదిరినవాళ్ళలో ఆ వదులు ప్రమాదం తెచ్చింది, ప్రాణాలూ పోయాయి. అలాంటివాళ్ళకి వైద్యులు దీన్ని దూరం పెడతారు.

మూడోది డైసోపిరమైడ్. గుండె లయ తప్పినప్పుడు వాడేందుకు వచ్చిన మందు ఇది. గుండె పిండే బలాన్ని తగ్గించడం దాని చెడు గుణంగా లెక్కపెట్టేవాళ్ళు. ఆ చెడు గుణమే ఇక్కడ పనికొచ్చింది. ఇది అడ్డును తగ్గిస్తుందని 1982లో కెనడా నుంచి నివేదిక వచ్చింది. నోరు ఎండిపోవడం, మూత్రం సాఫీగా రాకపోవడం దీనితో వచ్చే తిప్పలు. ప్రొస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్ళకి ఇబ్బంది. ఈసీజీలో మార్పులు తెస్తుంది కాబట్టి మొదలుపెట్టాక ఈసీజీ తీస్తూ ఉండాలి. దీన్ని ఒంటరిగా కాక బీటా బ్లాకర్‌తో కలిపి ఇస్తారు.

మంచి మందులే, ఈ గుండెకి కావు

ఏ మందు వాడాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏది వాడకూడదో తెలియడమూ అంతే. నాలుక కింద గోళీ సిరలను వదులు చేసి గుండెకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. గది చిన్నదవుతుంది, అడ్డు పెరుగుతుంది. బీపీకి ఇంటింటా వాడే ఆమ్లోడిపిన్, రామిప్రిల్ రక్తనాళాలను వదులు చేసేవే. కాళ్ళవాపుకి ఇచ్చే లాసిక్స్ ఎక్కువైతే ఒంట్లో నీరు తగ్గుతుంది. డిగాక్సిన్ గుండె బలం పెంచుతుంది. మగవాళ్ళు గుట్టుగా కొనుక్కునే వయాగ్రా జాతి గోళీలూ రక్తనాళాల మీద పనిచేసేవే. ఇవన్నీ ఇంకో గుండెకి మేలు చేసిన మందులే. కాబట్టి పక్కింటాయన గుండెకి పనిచేసిందని ఎవరి గోళీ వాళ్ళు ఈ రోగికి ఇవ్వడం కుదరదు. బీపీ కూడా ఉంటే ఏది వాడాలో కార్డియాలజిస్టే చూసి చెప్పాలి.

ఊళ్ళలో నీరసం అనగానే సెలైన్ ఎక్కించమని అడుగుతారు. చదువుకున్నవాళ్ళు దాన్ని వెటకారం చేస్తారు. అయితే ఎండకో, విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గి ఈ రోగి కూలబడితే, చేయవలసిన మొదటి పనుల్లో సెలైన్ ఒకటి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టడం ఇంకొకటి. రెండూ గుండెకి రక్తాన్ని చేరుస్తాయి. బీపీ పడిపోయిందని గుండెను అదిలించే డోబుటమిన్ ఎక్కిస్తే మాత్రం బీపీ ఇంకా పడిపోతుంది. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే జబ్బు పేరు చెప్పమని వైద్యులు మరీమరీ అనేది ఇందుకే.

మయోసిన్ దాకా

పాత మందులు మూడూ గుండెను బయటి నుంచి అదుపు చేసేవే. గుండె ఇంత జోరుగా ఎందుకు పిండుతుందన్న ప్రశ్నకి జవాబు 1990 నుంచి దొరకడం మొదలైంది. క్రిస్టీన్ సైడ్‌మన్, జొనాథన్ సైడ్‌మన్ దంపతుల బృందం ఈ జబ్బున్న ఒక కుటుంబంలో మయోసిన్ అనే ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం తేడా కనిపెట్టింది.

కండరం పొట్టిపడేలా లాగే ప్రొటీన్ మయోసిన్. దానికి తలలుంటాయి. ప్రతి తలా పక్కనున్న ఆక్టిన్ పోగును పట్టుకుని, లాగి, వదులుతుంది. ఆరోగ్యవంతమైన గుండెలో అన్ని తలలూ ఒకేసారి పనిచేయవు. కొన్ని ముడుచుకుని విశ్రాంతిలో ఉంటాయి, అవసరం పడ్డప్పుడే లేస్తాయి. ఈ జబ్బులో ఆ విశ్రాంతి చెడుతుంది. లేవనక్కరలేని తలలు కూడా లేచి లాగుతుంటాయి. గుండె గట్టిగా పిండుతుంది, పిండాక సరిగా సడలదు, ఇంధనం వృథా అవుతుంది.

కండరాల మయోసిన్ మీద జీవితమంతా పనిచేసిన జేమ్స్ స్పూడిచ్, లెస్లీ లైన్‌వాండ్, సైడ్‌మన్ దంపతులు కలిసి 2012లో మయోకార్డియా అనే కంపెనీ పెట్టారు. తలలను మళ్ళీ విశ్రాంతికి పంపే అణువును వెతకడం వాళ్ళ పని. అలా దొరికినదే మావకామ్‌టెన్. 2016లో ఎలుకల మీద ఫలితాలు వెలువడ్డాయి. తరవాత మనుషుల్లో 251 మంది మీద 30 వారాల పరీక్ష జరిగి, 2020లో వివరాలు అచ్చయ్యాయి. ముందే నిర్ణయించుకున్న కొలతల ప్రకారం మందు వేసుకున్నవాళ్ళలో 37 శాతం మంది మెరుగుపడ్డారు. ఉత్తుత్తి గోళీ వేసుకున్నవాళ్ళలో 17 శాతం. వ్యాయామం తరవాత కొలిచిన అడ్డు, మందు వాడినవాళ్ళలో సగటున 47 మిల్లీమీటర్లు తగ్గింది, రెండో గుంపులో 10. ఆపరేషన్ దాకా వచ్చిన 112 మందితో మరో పరీక్ష చేశారు. 16 వారాలయ్యాక ఉత్తుత్తి గోళీ గుంపులో 77 శాతం మందికి ఆపరేషన్ అవసరం అలాగే ఉంది. మందు గుంపులో అది 18 శాతానికి దిగింది. 2022 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. కామ్‌జయోస్ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది.

దీని వెనకే అఫికామ్‌టెన్ వచ్చింది. 2025లో వెలువడిన ఒక పరీక్షలో దాన్ని మెటొప్రొలాల్‌తో ముఖాముఖి పోల్చారు, 175 మంది రోగుల మీద. వ్యాయామ సామర్థ్యం అఫికామ్‌టెన్ వాడినవాళ్ళలో పెరిగింది, మెటొప్రొలాల్ వాడినవాళ్ళలో కొంచెం తగ్గింది. అరవై ఏళ్ళుగా మొదటి మందుగా రాస్తున్న గోళీని ఇంత సూటిగా నిగ్గుతేల్చడం అంతకుముందు అరుదు. నాడి తగ్గించడం వేరు, లక్షణాలు తగ్గించడం వేరని ఈ ఫలితం గుర్తుచేసింది. అలాగని పాత గోళీ చెత్తబుట్టలోకి పోలేదు. చాలామందికి అది ఇప్పటికీ చాలుతోంది.

హబ్సిగూడ చెప్పిన సంగతి

ఈ కథలో హైదరాబాద్ వాటా చిన్నది కాదు. తూంకుంట నుంచి అల్వాల్, సికింద్రాబాద్, తార్నాక మీదుగా హబ్సిగూడకి పోతే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వస్తుంది. అక్కడి కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, వాళ్ళతో పాటు దండపాణి, ఉస్మానియా జన్యుశాస్త్రవేత్త ప్రతిభ నల్లారి, మరెందరో వైద్యులు కలిసి చేసిన పరిశోధన 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో అచ్చయ్యింది. మయోసిన్‌ను అదుపులో ఉంచే మరో ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రూపం భారత ఉపఖండం మూలాలున్నవాళ్ళలో సుమారు 4 శాతం మందిలో ఉందని వాళ్ళు తేల్చారు. అది ఉన్నవాళ్ళకి గుండె కండర జబ్బుల ముప్పు దాదాపు ఏడు రెట్లని లెక్కగట్టారు.

నూటికి నలుగురు అంటే కోట్ల మంది. వాళ్ళందరికీ జబ్బు రాలేదు కదా అన్న ప్రశ్న సహజం. తరవాతి పరిశోధనలు దానికి జవాబు వెతికాయి. బ్రిటన్‌లో దక్షిణాసియా రోగులను పరీక్షించి 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఆ 25 అక్షరాల లోటుతో పాటు కొద్దిమందిలో అదే జన్యువులో ఇంకో మార్పు కలిసి వస్తోంది, అసలు ముప్పు దానిది. కాబట్టి లోటు ఒక్కటే ఉందని ఎవరినీ రోగి అనకూడదు. జన్యుపరీక్ష రిపోర్టు చేతిలో పెట్టి బెదరగొట్టే ముందు ఈ తేడా చెప్పగలిగే వైద్యుడు కావాలి.

కుటుంబం మాత్రం తప్పకుండా చూసుకోవాల్సిందే. ఒకరికి ఈ జబ్బు తేలితే తోబుట్టువులకి, పిల్లలకి, తల్లిదండ్రులకి ఈసీజీ, ఎకో తీయాలి. జబ్బు తెచ్చే జన్యువు పిల్లలకి వచ్చే అవకాశం సగం. మేనరికాల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరే వీలుంది కనుక ఆ ఇళ్ళలో ఇంకా జాగ్రత్త.

గ్యాస్ గోళీ దగ్గర పేచీ

కొత్త మందుకి ఒక గీత ఉంది, అది దాటకూడదు. తలలన్నీ విశ్రాంతికి పోతే గుండె నిజంగానే బలహీనపడుతుంది. ఒక్కో దెబ్బకి గది ఎంత శాతం ఖాళీ అవుతుందో ఎకోలో కొలుస్తారు. అది 50 కన్నా తగ్గితే మందు ఆపాలి. అందుకే అమెరికాలో మొదట 4, 8, 12 వారాలకి, ఆ తరవాతా క్రమం తప్పకుండా ఎకో చేయాలన్న షరతుతోనే ఇచ్చారు.

మావకామ్‌టెన్‌ను ఒంట్లోంచి తొలగించే పని ఎక్కువగా కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైముది. అది అందరిలో ఒకేలా పనిచేయదు. మామూలుగా పనిచేసేవాళ్ళలో మందు సగానికి తగ్గడానికి ఆరు నుంచి తొమ్మిది రోజులు పడుతుంది. మందకొడిగా పనిచేసేవాళ్ళలో 23 రోజులు. యూరప్ మూలాలవాళ్ళలో అలాంటివాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురు. మన దక్షిణాసియా జనాల్లో అంతకు కొన్ని రెట్లు. అందుకే యూరప్‌లో ముందు జన్యుపరీక్ష చేసి, అలాంటివాళ్ళకి సగం మోతాదు, రెండున్నర మిల్లీగ్రాములతో మొదలుపెట్టమన్నారు. యూరప్ వాళ్ళకి పెట్టిన ఆ జాగ్రత్త మనకి ఇంకా ఎక్కువ అవసరం.

“అన్నా, ఒక గ్యాస్ గోళీ ఇయ్యి” అని చీటీ లేకుండా కొనుక్కునే ఒమెప్రజోల్ ఆ ఎంజైమునే నెమ్మది చేస్తుంది. ఫంగస్ మచ్చలకి వాడే ఫ్లుకోనజోల్ ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దానికి విరుద్ధంగా, మందును తొందరగా ఖర్చు చేసేస్తుంది. టీబీ కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆపిన రోజు నుంచి మందు ఒంట్లో పేరుకోవడం మొదలవుతుంది. కొత్త మందు వాడేవాళ్ళు ఏ చిన్న గోళీ కొన్నా తమ కార్డియాలజిస్టుకి చెప్పక తప్పదు. కడుపులో బిడ్డకి హాని చేస్తుందన్న హెచ్చరిక కూడా ఉంది, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ముందే మాట్లాడుకోవాలి.

ధర ఇంకో గోడ. అమెరికాలో విడుదలైనప్పుడు ఏడాది మందు ఖరీదు 89,500 డాలర్లు, అప్పటి మారకంలో 65 లక్షల రూపాయల పైమాటే. తూంకుంట దాటి ముందుకు పోతే మందుల, టీకాల సంస్థలకి నెలవుగా 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ వస్తుంది. మేడ్చల్ ప్రాంతం మందుల ధరలను నేలకి దించిన చరిత్ర ఉన్నదే. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చాక, అంతదాకా దిగుమతి మీదే ఆధారపడ్డ హెపటైటిస్-బి టీకా సామాన్యుడికి అందింది. మావకామ్‌టెన్ టీకా కన్నా సరళమైనది, చిన్న రసాయన అణువు. పేటెంటు గడువులు తీరాక దాన్ని చవకగా చేయడం మన రసాయన కర్మాగారాలకి కొత్త విద్య కాదు. కానీ గోళీ చవకైనంత మాత్రాన చాలదు. నెలనెలా ఎకో తీసేవాళ్ళు, ముక్కించి చూసేవాళ్ళు, అంకె 50 దగ్గరికి రాగానే మందు ఆపమని చెప్పేవాళ్ళు దగ్గర్లో లేకపోతే ఈ గోళీ చవకగా దొరకడమే ప్రమాదం.

కొలబద్ద ఎవరి చేతిలో

ఈ మందులు లక్షణాలను తగ్గిస్తాయి. ఉన్నట్టుండి గుండె ఆగిపోయే ముప్పును ఇవి తప్పిస్తాయన్న రుజువు లేదు. ఆ ముప్పు ఎక్కువున్నవాళ్ళకి ఛాతీలో చిన్న యంత్రం అమరుస్తారు, గుండె లయ తప్పితే అది షాక్ ఇచ్చి సరిచేస్తుంది. కుటుంబంలో చిన్న వయసు మరణాలున్నా, కారణం తెలియకుండా స్పృహ తప్పినా ఆ విచారణ వేరేగా జరగాలి. మందులకి లొంగని అడ్డుకి మారో పద్ధతి ఆపరేషన్ ఉంది. 1990ల నుంచి, గోడకి రక్తమిచ్చే చిన్న ధమనిలోకి ఆల్కహాల్ ఎక్కించి ఆ ముక్కను కుదించే పద్ధతీ ఉంది.

లక్షణాల కోసం వాడే మందు పనిచేస్తోందో లేదో ఎకో మిషను ఒక్కటే చెప్పలేదు. పరీక్షల్లో పరిశోధకులు కూడా రోగుల చేత 23 ప్రశ్నల పత్రం నింపించారు: స్నానం చేసేటప్పుడు ఆయాసం వస్తోందా, మెట్లెక్కగలుగుతున్నారా, రాత్రి తలగడలు ఎత్తుగా పెట్టుకోవాలా అని. మన దగ్గర ఓపీలో రోగికి దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో “ఎట్లున్నది?” అంటే “మంచిగనే ఉన్నది సార్” అని లేచి వచ్చేస్తే మోతాదు అక్కడే ఉండిపోతుంది. పోయిన నెల బస్టాపు నుంచి ఇంటికి ఎన్నిసార్లు ఆగాను, ఈ నెల ఎన్నిసార్లు, తిన్నాక నడిస్తే ఏమైంది, గోళీ వేసుకున్నాక తల తిరిగిందా అని కాగితం మీద రాసుకుని పోతే, డాక్టరు తరవాతి అడుగు దాన్ని బట్టి వేస్తారు. ఆయాసం తగ్గకపోతే మోతాదు పెంచాలా, మందు మార్చాలా అన్నది ఆ కాగితమే తేలుస్తుంది.